చూడని పాదాలు

ఆ సాయంత్రం నేను ఆయన పాదాలు చూడలేదు. చూశానని చెప్పాను.

ఈ రెండు వాక్యాలు ఐదేళ్ళుగా నా లోపలే ఉన్నాయి. అమ్మకు చెప్పలేదు. నాతో ఒకే ఫ్లాట్‌లో ఉంటూ నా ప్రతి జలుబూ ప్రతి అలకా తెలిసిన స్నేహితురాలికి చెప్పలేదు. ఎనిమిదో తరగతి నుంచి డైరీ రాస్తున్నాను, డైరీకి కూడా చెప్పలేదు. ఆ రోజు పేజీలో వాన ఉంది, బురద ఉంది, నా ప్రసంగం గురించి కావలసినదానికన్నా ఎక్కువే ఉంది. ఇది మాత్రం లేదు.

మీరెవరో నాకు తెలియదు. అందుకే మీకు చెప్పగలుగుతున్నానేమో. కాదు, అది పూర్తి నిజం కాదు. నిన్న మధ్యాహ్నం ఒక ఫోన్ వచ్చింది, అందుకు చెబుతున్నాను. ఆ ఫోన్ సంగతి తరువాత. ముందు ఒక మాట. నేను ఏడుస్తూ రాయడం లేదు. ఇన్నేళ్ళలో ఈ విషయాన్ని నాకు నేను ఎన్ని రకాలుగా చెప్పుకున్నానంటే, ఇక అందులో నాకు తెలియని మూల లేదు. ఉన్నదున్నట్టు చెప్పడమే మిగిలింది.

మాది తెనాలి. డేటా అనలిటిక్స్‌లో మాస్టర్స్ చేయడానికి నాటింగ్‌హామ్ వచ్చాను. నలుగురిలో నోరు పెగలని మనిషిని. క్లాసులో పేరు పిలిస్తే పలికేలోపు పక్కవాళ్ళు నా బదులు పలికేవారు. లైబ్రరీలో మా సబ్జెక్టు పుస్తకాలుండే అంతస్తు వేరు, నేను కూర్చునే అంతస్తు వేరు. నేను చరిత్ర పుస్తకాల మధ్య కూర్చునేదాన్ని. వచ్చింది ఒకటి చదవడానికి, చదువుతున్నది ఇంకొకటి అని నవ్వుతారని ఎవరితోనూ అనేదాన్ని కాదు.

ఆ లైబ్రరీ గోడ మీదే ఒక కాగితం చూశాను. ఊరి బయట ఒక పొలంలో మొదటి ప్రపంచ యుద్ధం నాటి కందకాన్ని ఉన్నదున్నట్టుగా తవ్వి నిలబెట్టారట. బడిపిల్లలకూ సందర్శకులకూ చూపించడానికి వాలంటీర్లు కావాలట. పాఠశాల పిల్లలతో మాట్లాడాలన్న వాక్యం చదివి భయపడ్డాను. ఇసుక బస్తాలు నింపడానికి కూడా మనుషులు కావాలన్న వాక్యం చదివి ధైర్యం తెచ్చుకున్నాను. బస్తాలతో మాట్లాడక్కర్లేదు కదా.

అప్పటిదాకా కందకం అంటే నాకు కోట చుట్టూ ఉండే నీళ్ళ కాలువే. ఇది వేరు. ఇది మనుషులు కాపురం చేసిన గుంట. నా తల కన్నా ఎత్తున మట్టి గోడలు, వాటిని ఆపడానికి అల్లిన కొమ్మల తడికెలు, పైన ఇసుక బస్తాలు, కింద బురదలో మునగకుండా చెక్క పలకలు. సూటిగా సాగదు. నాలుగు అడుగులు వేయగానే మలుపు, మళ్ళీ నాలుగు అడుగులకు మలుపు. ఒకచోట గుండు పడితే ఆ పేలుడు ఆ మలుపు దాటి పోకుండా అలా తవ్వేవారు. ఏ మలుపులో నిలబడ్డవాడికి ఆ మలుపే లోకం. పైన ఒక చీలిక ఆకాశం. మొదటిసారి దిగినప్పుడు నాకు ఎందుకో హాయిగా అనిపించింది. సిగ్గరివాళ్ళ కోసం కట్టిన వీధిలా ఉంది అనుకున్నాను. తరువాత ఆ ఆలోచనకు సిగ్గుపడ్డాను.

అక్కడే సుదర్శన్ అంకుల్ కనిపించారు. హనుమకొండ మనిషి. చాలా కాలం కిందట వచ్చి, కౌన్సిల్ ఆఫీసులో పనిచేసి రిటైరయ్యారు. పిల్లి మీసాలు, పెద్ద పొట్ట, వాలంటీర్లకిచ్చిన ఖాకీ యూనిఫాం గుండీలు ఎప్పుడు తెగుతాయా అన్నట్టు ఉండేవి. నా మొహం చూసి, "తెలుగా బిడ్డా? ఏ ఊరు? తెనాలా! అబ్బో, గట్లయితే మాటకారివే అయి ఉంటవ్," అన్నారు. నేను నేల చూశాను. "ఏమో గని, తెనాలోళ్ళ మాటల్ల నీ వాటా కూడ వేరేటోళ్ళు పట్కపోయినట్టున్నరు," అని పకపకా నవ్వారు. ఈ దేశంలో నన్ను చూసి అలా నవ్విన మొదటి మనిషి ఆయన. నొప్పి పుట్టలేదు.

ఈ వయసులో ఈ బురదలోకి ఎందుకొచ్చారని అడిగితే ఆయన జవాబు ఒకటే. "చిన్నప్పుడు పటాలంల చేరుతనంటే మా నాయిన కాళ్ళిరగ్గొడ్తనన్నడు. రిటైరైనంక చేరిన. గిప్పుడు ఇరగ్గొట్టుమను."

ఆ మాట రాస్తుంటే నాకు ఎలా ఉందో మీకు కాసేపట్లో తెలుస్తుంది.

మా వాలంటీర్ల దళానికి పెద్ద కీత్. రిటైరైన పీటీ మాస్టారు. ఏడాదికి రెండుసార్లు ఆయన వాలంటీర్లను శుక్రవారం సాయంత్రం నుంచి ఆదివారం దాకా కందకంలోనే ఉంచేవారు. అప్పటి సైనికులు ఎలా ఉండేవారో అలాగే. తెల్లవారక ముందే లేచి తుపాకులు పట్టుకుని గోడ వెంట ఉండే మెట్టెక్కి నిలబడటం, ఎందుకంటే దాడులు ఎక్కువగా ఆ మసక వెలుతురులోనే జరిగేవి. వెలుగు వచ్చాక టీ. ఆ రోజుల్లో నీళ్ళు పెట్రోలు డబ్బాల్లో మోసుకొచ్చేవారు, ఏం తాగినా పెట్రోలు వాసనేనట. పగలు తల పైకెత్తకూడదు. కూర్చున్నచోటే కునుకు తీయడం, ఉత్తరం రాసుకోవడం, చొక్కా విప్పి కుట్ల వెంట కొవ్వొత్తి మంట జరుపుతూ పేలను చిటపటలాడించడం. అసలు పనంతా చీకటి పడ్డాకే: ముళ్ళకంచె బిగించడం, కూలిన గోడ ఎత్తడం, అన్నం మోసుకురావడం. యుద్ధం గురించి పుస్తకాల్లో చదివినప్పుడు యుద్ధమే కనిపించేది. కందకంలోకి దిగాక నాకు ఇంటిపని కనిపించింది. ఊడ్చడం, ఎత్తిపోయడం, ఆరబెట్టడం.

ఇంకా పాదాలు.

ఇది జాగ్రత్తగా చెప్పాలి. చలిలో, నీళ్ళలో రోజుల తరబడి బూట్లు విప్పకుండా నిలబడ్డ పాదం తెల్లగా ఉబ్బుతుంది. తరువాత మొద్దుబారుతుంది. తరువాత నల్లబడుతుంది. మొద్దుబారిన పాదం నొప్పి చెప్పదు. మనిషి బాగానే ఉన్నాననుకుంటాడు. వేలకు వేల మంది గుండు తగలకుండానే అలా కాళ్ళు పోగొట్టుకున్నాక సైన్యం ఒక పద్ధతి పెట్టింది. సైనికుల్ని జంటలు చేసింది. నీ పాదాలు నువ్వు చూసుకోకూడదు. నీ జంట చూడాలి, తుడవాలి, తిమింగలం నూనె పట్టించాలి, పొడి మేజోళ్ళు తొడగాలి. అతని పాదాలు నువ్వు. అలసిపోయినవాడు తన గురించి తాను అబద్ధం చెప్పుకుంటాడు, పక్కవాడికి ఆ అవసరం లేదు. అదీ ఆ పద్ధతి వెనక ఆలోచన.

కీత్ ఈ పద్ధతి విషయంలో వేళాకోళం ఒప్పుకునేవారు కాదు. మిగతావి నాటకం, ఇది నిజం అనేవారు. మాకు నూనె లేదు గానీ టార్చి ఉండేది, తువ్వాలు ఉండేది. ఉదయం ఒకసారి, సాయంత్రం ఒకసారి. ఆయన కందకం వెంట నడుస్తూ ఒక్కో మలుపు పేరు పిలిస్తే అక్కడి జంట "గుడ్" అని అరవాలి. గుడ్ కాకపోతే చేయి ఎత్తాలి. అంతే.

ఆ శనివారం పగలంతా వాన. నా జంటగా ఉండవలసిన అమ్మాయికి జ్వరం వచ్చి ఇంటికెళ్ళిపోయింది. అంకుల్ జంట అంతకు ముందు దాకా కీత్. సాయంత్రం కీత్ జంటల జాబితా మార్చారు. మీరిద్దరూ ఒకే భాషవాళ్ళు, కలిసి ఉంటే సులువుగా ఉంటుంది అని మమ్మల్ని మూడో మలుపుకు పంపారు. ఆయన మంచికే చేశారు. మా భాషలో ఏముందో ఆయనకేం తెలుసు? ఎవరో ఇంగ్లీషు ముసలాయన నా జంట అయి ఉంటే, పేరు పెట్టి పిలిచి, బూటు విప్పించి, టార్చి వేసి చూసి ఉండేదాన్నే. అంకుల్ అని పిలిచాక ఆ మనిషి పాదాలు కళ్ళకద్దుకోవడానికి ఉంటాయి గానీ, వేళ్ళు విడదీసి చూడటానికి ఉండవు.

ఇది సాకు అని నాకు తెలుసు. దాని దగ్గరకూ వస్తాను.

ఆ సాయంత్రానికి నాకు ఇంకో పని ఉంది. సందర్శకులు రాబోతున్నారు. వాళ్ళ ముందు, జీవితంలో మొదటిసారి, నేను మాట్లాడాలి. కందక యుద్ధం ఎలా మొదలైందన్నది విషయం. ఒప్పించింది అంకులే. నెల రోజులు ఆయన ముందు కూర్చోబెట్టుకుని చెప్పించుకున్నారు. "మొదలు ఫ్రాన్స్‌ల కాదు బిడ్డా. మా గోల్కొండ కాడ ఔరంగజేబు ఫౌజు కందకాలు తవ్వుకుంట ఎన్ని నెలలు కూసున్నది? ఆ వానలకు గుంటలు నిండి ఆగమైన్రంట. గది చెప్పు. ఫ్రాన్స్ కథ వీళ్ళకెరికే. గోల్కొండ ఎవ్వలు చెప్తరు?" ఆ సలహా నా ప్రసంగాన్ని నిలబెట్టింది. ఆయన ఇచ్చిందే.

మూడో మలుపులో మెట్టు మీద కూర్చున్నాం. ముందు నావి చూస్తానన్నారు. నేను సిగ్గుతో చచ్చిపోతూ బూట్లు విప్పాను. ఆయన ఒక చేయి వెనక్కి పెట్టుకుని, ఆడపిల్ల కాళ్ళు ముట్టుకోకుండా, వంగి, టార్చి వెలుతురు ఒక్కో వేలి సందులోనూ పడేలా ఓపిగ్గా చూశారు. మడమ పైకెత్తమన్నారు. ఇటు తిప్పమన్నారు. "గుడ్. పొడి సాక్సులు తొడుగు," అన్నారు. తరువాత తన బూటు తాడు మీద చేయి వేశారు.

"ఇగ నావి జూడు బిడ్డా."

"అయ్యో, వద్దండీ అంకుల్."

"ఏ, నీతోని ఒత్తిపిచ్చుకుంటనా ఏంది? ఊకె జూసుడే. రూల్ గద. కీత్ సాబ్ వచ్చి అడుగుతడు."

"అడిగితే చూశానని చెబుతాన్లెండి."

తాడు ఆయన వేళ్ళ మధ్య అలాగే ఉంది. నా మొహంలోకి చూశారు.

"చెప్తవా?"

"చెబుతానండీ."

ఒక్క క్షణం. అంతకంటే ఎక్కువ లేదు. తరువాత నవ్వారు. "మంచిగైంది పో. ఈ బూట్లు విప్పుడొక తిప్పల, తొడుగుడు ఇంకో తిప్పల," అంటూ సగం విప్పిన తాడు మళ్ళీ కట్టేసుకున్నారు. "పో, పోయి నీ గోల్కొండ సదువుకో."

కీత్ మలుపు పేరు పిలిచారు. నేను "గుడ్" అన్నాను. నా గొంతు అంత గట్టిగా పలకడం అదే మొదటిసారి అనుకుంటా. పక్క మలుపులో ఎవరో చప్పట్లు కొట్టారు.

ప్రసంగం బాగా జరిగింది. ఇది కూడా చెప్పాలి, దాస్తే ఒప్పుకోలు సగమే అవుతుంది. చాలా బాగా జరిగింది. కందకాల్లో యుద్ధం చేద్దామని ఎవరూ ఇంటి నుంచి బయల్దేరలేదని మొదలుపెట్టాను. గుర్రాలతో, బాకాలతో, ఆకులు రాలేలోపు తిరిగొస్తామని బయల్దేరారు. మెషీన్ గన్ ముందు నిలబడ్డవాడు పడిపోయాడు, పడుకున్నవాడు బతికాడు. పడుకున్నవాడు వీపున ఉన్న చిన్న పారతో మొహం ముందు కాస్త మట్టి పోసుకున్నాడు. ఇంకొంచెం తవ్వి మోకాలి లోతు చేసుకున్నాడు. అతని గుంటా పక్కవాడి గుంటా కలిశాయి. అవతలివాడూ అదే చేశాడు. చుట్టి వెనక నుంచి కొడదామని ఒకరు పక్కకు జరిగితే రెండోవారూ జరిగారు, తవ్వుకుంటూ. అలా ఒక కొస సముద్రాన్ని తాకింది, ఇంకో కొస కొండల్ని తాకింది. పక్కకు పోవడానికి చోటు లేక, ముందుకు పోవడానికి ధైర్యం చాలక, ప్రాణభయంతో తవ్వుకున్న గుంటలే ఏళ్ళ తరబడి ఇళ్ళయ్యాయి. ఆ తరువాత గోల్కొండకు వెళ్ళాను. ఆ మొదటి చలికాలం పల్చని బట్టలతో ఫ్రాన్స్ బురదలోకి దిగిన మన సిపాయీల దగ్గర ముగించాను. అందరూ లేచి నిలబడి చప్పట్లు కొట్టారు. అంకుల్ రెండు వేళ్ళు నోట్లో పెట్టుకుని ఈల వేశారు. తడిసిన బూట్లలో, ఒక కాలి మీదే బరువు వేసి నిలబడి.

ఆ కాలు అప్పుడే చూశాను. ఎందుకలా నిలబడ్డారో అడగలేదు.

మర్నాడు ఉదయం సామాన్లు సర్దే హడావుడిలో తనిఖీ జరగలేదు. మధ్యాహ్నం దాకా ఆయన బస్తాలు మోశారు. ఇంటికి వెళ్ళాక విజయ ఆంటీ, ఆయన భార్య, గుమ్మం దగ్గర బూట్లు లాగితే కుడి మేజోడు రక్తంతో అంటుకుపోయి ఉంది. అప్పటి సైనికుల బూట్ల నమూనాలో అడుగున కొట్టిన మేకుల్లో ఒకటి లోపలికి పొడుచుకొచ్చింది. ఆయనకు షుగర్. అది మాకందరికీ తెలుసు, చక్కెర లేని టీ తాగుతూ జోకులేసేవారు. షుగర్ ముదిరితే పాదాలు మొద్దుబారతాయని, మేకు దిగినా తెలియదని నాకు తెలియదు. కందకంలో మొద్దుబారే పాదం గురించి పేజీలకు పేజీలు చదివినదాన్ని, నా పక్కన కూర్చున్న మనిషి పాదం గురించి నాకు తెలియదు.

చీము పట్టింది. కొన్ని రోజులకు హాస్పిటల్‌లో రెండు వేళ్ళు తీసేశారు.

నేను, కీత్ చూడటానికి వెళ్ళాం. కారు పార్కు చేస్తూ కీత్ అడిగారు: శనివారం సాయంత్రం నువ్వు చూశావు కదా, అప్పుడు ఎలా ఉన్నాయి? ఆ ప్రశ్నలో అనుమానం లేదు. చూడలేదని చెప్పడానికి నాకు బోలెడంత చోటు ఉంది. "చూశాను. బాగానే ఉన్నాయి," అన్నాను. వార్డులోకి వెళ్ళాక కీత్ ఆయన మంచం పక్కన నిలబడి, శనివారం ఈ అమ్మాయి చూసినప్పుడు అంతా బాగుందట, ఆదివారమే ఏదో జరిగి ఉంటుంది అన్నారు. అంకుల్ నా వైపు చూశారు. మూడో మలుపులో చూసిన చూపే. తరువాత ఇంగ్లీషులో, "అవును, చూసింది. చాలా మంచి పిల్ల," అన్నారు.

అలా నా అబద్ధాన్ని ఆయన తన మీద వేసుకున్నారు. నేను వేసుకోనిచ్చాను.

షుగర్ ఉన్నవాళ్ళు ఇక మీద కందకంలో ఉండకూడదని దళం నిర్ణయించింది. ఆయన మళ్ళీ ఖాకీ తొడగలేదు. ఆంటీ మాత్రం నన్ను గుండెకు హత్తుకున్నారు. "నువ్వన్న చూసినవ్ బిడ్డా. ఈ మొండిమనిషి మర్నాడు తనకు తాను చూసుకోలే," అన్నారు. అప్పటి నుంచి నేను ఆ ఇంటి పిల్లనైపోయాను. పండక్కి సకినాలు నా వాటా డబ్బాలో వచ్చేవి. వెళ్ళినప్పుడల్లా ఆంటీ ఆయన్ని నా ముందే దెప్పేవారు: "పిల్ల చూసింది, మంచిగున్నయన్నది. ఒక్క దినంల పాడు చేసుకున్నడు. గింత సోయి లేకపాయె." ఆయన టీవీ సౌండ్ పెంచేవారు. నేను సకినం నమిలేదాన్ని. రుచిగా ఉండేవి. అది కూడా నిజమే.

ఇప్పుడు సాకుల సంగతి.

పెద్దవారి పాదాలు అలా చూడటం తప్పనిపించింది, అందుకే వద్దన్నాను. చాలాకాలం ఇదే నమ్మాను. ఇది నమ్మడానికి బాగుంటుంది. కానీ ఆయన చూపిస్తానన్నారు. తాడు విప్పబోయారు. రూల్ అని గుర్తు చేశారు. పెద్దమనిషి మాట వినడం మర్యాద అయితే, విని చూడాలి కదా? సిగ్గు అని చెప్పుకున్నాను తరువాత. సిగ్గూ ఉంది. ఒక ముసలాయన పాదం ఒళ్ళో పెట్టుకుని కూర్చుంటే పక్క మలుపువాళ్ళు చూస్తారన్న సిగ్గు. కానీ దాని కింద ఇంకోటి ఉంది. నాకు ప్రసంగం ముందు ఆ కాస్త సమయం కావాలి. తడిసిన బూట్లు విప్పడం, తొడగడం చాలాసేపు పడుతుంది. ఆ వాసన నాకు వద్దు. నా మెరుపు నాకు కావాలి. అంతే. మర్యాదను ముందు పెట్టి వెనకనుంచి నా స్వార్థం నడిచి వెళ్ళింది.

ఆ సాయంత్రానికే మేకు దిగి ఉందా? చూస్తే ఆ వేళ్ళు దక్కేవా? తెలియదు. ఇన్నేళ్ళూ ఈ తెలియకపోవడంలోనే తలదాచుకున్నాను. బహుశా ఆదివారమే దిగి ఉండొచ్చు కదా, బహుశా నా తప్పు లేదేమో కదా అని. ఇప్పుడు ఆ తలుపు మూసేస్తున్నాను. నాకు తెలియకపోవడానికి కారణం నేను చూడకపోవడమే. తెలియకపోవడం నా సాక్ష్యం కాదు, నా నేరం.

ఇంకో మాట. కందకంలో పిల్లలకు పాదాల తనిఖీ గురించి ఇప్పుడు చెప్పేది నేనే. ఉద్యోగం దూరంగా బ్రాక్‌నెల్‌లో అయినా నెలకోసారి రైలెక్కి అక్కడికి వెళ్తాను. నా పాదాలు నావి కావు, నా జంటవి అని పిల్లలచేత అనిపిస్తాను. చాలా బాగా చెబుతానని కీత్ అంటారు. గొంతు వణకదు.

ఇక నిన్నటి ఫోన్. అంకుల్ వాళ్ళు రెండేళ్ళుగా బెల్‌ఫాస్ట్‌లో ఉంటున్నారు, కూతురు కావ్య దగ్గర. ఆమెకు అక్కడ హాస్పిటల్‌లో ఉద్యోగం. ఆంటీ ఊరికే పలకరించడానికి చేశారు. మాటల్లో, "ఈయన రెండు దినాల సంది ఎడమ కాలు ఈడుస్తుండు బిడ్డా. అడిగితే ఏం లేదంటడు," అన్నారు. ఆ కాలు మీరు చూశారా ఆంటీ అన్నాను. నా నోట్లోంచి ఆ మాట ఎలా వచ్చిందో.

"కావ్య చెవుల ఇల్లు కట్టుకొని చెప్తది, రోజూ చూడుమని. దానికి డ్యూటీలు. చూసేదాన్ని నేను. గని చూస్తే ఏమైతది చెప్పు? ఆనాడు నువ్వు చూడలేదా? దినం తిరగకముందే ఎట్లయిపాయె! చూసుడుతోని ఆగేదైతే అప్పుడే ఆగేది గద. నేను చూసుడు ఎన్నడో బంద్ పెట్టిన. దేవుని మీద భారం."

ఏమన్నానో గుర్తులేదు. సరే ఆంటీ అన్నట్టున్నాను. ఫోన్ పెట్టేశాక చాలాసేపు వంటింట్లో నిలబడ్డాను. నా అబద్ధం రెండు వేళ్ళతో ముగిసిపోయిందనుకున్నాను. అది ఆ ఇంట్లో ఒక నమ్మకంగా స్థిరపడిందని, చూడటం వల్ల ఉపయోగం లేదని ఐదేళ్ళుగా ఆవిడకు పాఠం చెబుతోందని, ఇప్పుడు ఎడమ కాలి దాకా వచ్చిందని నాకు తట్టనే లేదు. ఆ రోజు ఎవరూ చూడలేదు ఆంటీ. చూసి ఉంటే ఏమయ్యేదో ఎవరికీ తెలియదు ఆంటీ. ఈ రెండు ముక్కలు చెప్పడానికి నాకు నోరు రాలేదు. అందుకని పొద్దున్నే లేచి, తెలియని మీకు చెప్పడం మొదలుపెట్టాను. మీతో అనడం వస్తే ఆవిడతో అనడం వస్తుందేమోనని.

ఇక్కడిదాకా రాసి లేచాను. ఫోన్ చేశాను.

మనవరాలు ఎత్తి, నేను తెలుగులో అడిగినదానికి ఇంగ్లీషులో జవాబు చెప్పి, "అమ్మమ్మా!" అని కేకేసింది. ఆంటీ వచ్చారు. పలకరింపులు లేకుండా చెప్పేశాను. పైన రాసిన రెండు వాక్యాలే. ఆ సాయంత్రం నేను అంకుల్ పాదాలు చూడలేదు. చూశానని చెప్పాను. క్షమించమని అడగలేదు. అడిగితే ఇంకో పని ఆవిడ నెత్తిన పెట్టినట్టవుతుంది.

అవతల కుక్కర్ కూత వినిపించింది. ఆగింది.

"అంటే ఎవ్వలు చూడలే?"

"ఎవరూ చూడలేదు ఆంటీ."

"ఆయనకెరికేనా?"

"తెలుసు."

"గిన్నేండ్ల సంది తిడుతుంటే పడ్డడు." ఈ మాట నాతో అన్నది కాదు. విచిత్రంగా, కాళ్ళ కింద నేల ఉన్నట్టు అనిపించింది. తరువాత అడిగారు: "మరి నీ కాళ్ళు? నీయి ఆయన చూసిండా?"

"చూశారు. ఒక్కో వేలూ చూశారు."

బిడ్డా అనలేదు. మంచిపిల్లవనీ అనలేదు, పాపిష్టిదానివనీ అనలేదు. ఆవిడ గొంతు అప్పటికే పక్క గది వైపు తిరిగిపోయింది.

"ఫోన్ పెట్టెయ్. నేను ఆయన కాళ్ళు చూడాలె."